సిక్కోలు తీరం ఎదుట సముద్రం ఎందుకంత త్వరగా లోతెక్కుతుంది?

క్లుప్తంగా: శ్రీకాకుళం (సిక్కోలు), విజయనగరం జిల్లాల ఎదుట తక్కువ లోతు సముద్రం సుమారు 40 కిలోమీటర్ల మేరకే ఉంది. ముంబయి, గుజరాత్ వైపు అది వందల కిలోమీటర్లు పరుచుకుంది. దొరికే చేప, తుఫానులో లేచే ఉప్పెన, ఒడ్డు కోత, రేవుల భవిష్యత్తు, వీటన్నిటి మీదా ఈ తేడా ప్రభావం ఉంది. మత్స్యకారుల వలసకు ఇదొక్కటే కారణమని చెప్పలేం. దీన్ని పక్కన పెట్టేస్తే మాత్రం వలస సగమే అర్థమవుతుంది.

ఇంటి ముందు సముద్రం, పని గుజరాత్‌లో

ఏటా ఆగస్టు వచ్చేసరికి ఎచ్చెర్ల, గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల మత్స్యకార పల్లెల్లో మగవాళ్లు బట్టలు సర్దుకుంటారు. రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ చేరతారు. అక్కడి యజమానుల మర బోట్ల మీద నెలల తరబడి వేట చేసి, మళ్లీ వేసవికి ఇల్లు చేరతారు. విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాల నుంచి కూడా ఈ వలస ఉంది.

ఈ వలస వార్తల్లోకి వచ్చేది కష్టం వచ్చినప్పుడే. 2018 నవంబరులో ఇలా వెళ్లిన ఇరవై మందికి పైగా ఉత్తరాంధ్ర మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ బలగాలకు చిక్కారు. వాళ్లలో ఎక్కువ మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇళ్లకు వచ్చారు. అదే ఏడాది లాక్‌డౌన్ పెట్టాక వేలమంది వెరావల్‌లో బోట్ల మీదే ఉండిపోయి, చివరికి బస్సుల్లో సొంతూళ్లకు చేరారు.

అలాంటి ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలోని పొడవైన తీరాల్లో ఇదొకటి. ఇంత సముద్రాన్ని ఇంటి ముందు పెట్టుకుని అంత దూరం ఎందుకు వెళ్లాలి? రేవులు లేకపోవడం, అప్పులు, దళారులు అనే జవాబులు సరైనవే. అయితే వాటికన్నా పాత కారణం ఒకటి నీటి కింద ఉంది. మ్యాపులో తీరం పొడవు కనిపిస్తుంది. బతుకుతెరువును ఎక్కువగా నిర్ణయించేది ఆ తీరం ఎదుట ఉన్న తక్కువ లోతు సముద్రం వెడల్పు.

నీటి కింద ఉన్నదీ భూమే

ఖండం సముద్రపు ఒడ్డు దగ్గర ఆగిపోదు. ఒడ్డు దాటాక కూడా అదే నేల, అవే రాళ్లు మెల్లగా వాలుతూ నీటి కిందికి సాగుతాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ఖండతీరపు అంచు అంటారు. ఇకపై ‘అంచు’ అంటే ఈ తక్కువ లోతు నేలే. ఒక చోటికి వచ్చాక ఈ మెల్లని వాలు విరిగి, నేల ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అది ఖండతీరపు వాలు. దాని అడుగున వేల మీటర్ల లోతులో అసలైన సముద్రగర్భం మొదలవుతుంది.

ప్రపంచం మొత్తం మీద ఈ అంచు సగటు వెడల్పు సుమారు 75 కిలోమీటర్లు. వాలు విరిగే చోట సగటు లోతు 130 మీటర్ల చుట్టూ ఉంటుంది. సైబీరియా ఉత్తరాన ఆర్కిటిక్‌లో అంచు వెడల్పు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణ అమెరికా పడమటి తీరంలో చిలీ ఎదుట కొన్నిచోట్ల అంచు దాదాపు లేనట్టే. మహాసముద్రాల విస్తీర్ణంలో ఇలాంటి తక్కువ లోతు సముద్రాల వాటా ఎనిమిది శాతం లోపే. మనుషులు పట్టే సముద్రపు చేపలో అత్యధిక భాగం మాత్రం ఇక్కడిదే.

కళింగపట్నం, బారువ, చింతపల్లి ఎదుట ఈ అంచు సుమారు 40 కిలోమీటర్లు, చోటును బట్టి కాస్త అటూ ఇటూ. అంటే కిలోమీటరుకు మూడు నుంచి ఐదు మీటర్ల చొప్పున నేల దిగుతుంది. కంటికి తెలియనంత మెల్లని వాలు ఇది. అంచు దాటగానే సంగతి మారిపోతుంది. లోతు వందల మీటర్లలోకి, అక్కడి నుంచి వేలలోకి వెళ్లిపోతుంది.

పడమటి తీరంతో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. 1974లో చమురు పడిన బాంబే హై ముంబయి తీరం నుంచి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా అక్కడ నీటి లోతు దాదాపు 75 మీటర్లే. సిక్కోలు తీరం నుంచి అంతే దూరం బంగాళాఖాతంలోకి వెళ్తే లోతు వెయ్యి మీటర్లు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ముంబయి, ఖంభాత్ సింధుశాఖ ఎదుట అంచు వెడల్పు 300 కిలోమీటర్లు మించుతుంది. వెరావల్ ఉన్న సౌరాష్ట్ర ఎదుట అంత లేదు కానీ, సిక్కోలు ఎదుట ఉన్నదానికి రెట్టింపు పైనే ఉంటుంది.

ఒకప్పుడు ఇదంతా పొడి నేల. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, భూమ్మీద నీరు మంచుగా గడ్డకట్టి సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి దిగింది. అప్పటి ఒడ్డు దాదాపు ఈ అంచు చివరన ఉండేది. వంశధార, నాగావళి నేడు సముద్రంలో కలిసే చోటును దాటి మరికొన్ని పదుల కిలోమీటర్లు పారేవి. మంచు కరిగి నీరు మళ్లీ పైకి వచ్చి, సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట ఒడ్డు ఇప్పటి స్థానానికి దగ్గరగా చేరింది. పక్కనే ఉన్న భీమిలి ఎర్రమట్టి దిబ్బలు కూడా ఆ కాలం గుర్తులే. బయటపడిన సముద్రపు నేల మీది ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి పోసిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు.

తూర్పున ఇరుకు, పడమట వెడల్పు ఎందుకు?

భారత భూభాగం తూర్పు పక్క సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా నుంచి విడిపోయింది. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నకైట్ రాళ్లకు జోడు రాళ్లు అంటార్కిటికా తూర్పు భాగంలో దొరకడానికి కారణం అదే. పడమటి పక్క తర్వాత విడిపోయింది. ముందు మడగాస్కర్, దాని తర్వాత సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట సేషెల్స్ దూరమయ్యాయి. చీలిక జరిగే సమయంలో ముంబయి, ఖంభాత్ ప్రాంతంలో నేల సాగి, పలచబడి, వెడల్పాటి పల్లాలుగా కుంగింది. నర్మద, తపతి నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రపు సున్నపురాయి కలిసి ఆ పల్లాలను పూడ్చాయి. వెడల్పాటి బల్లపరుపు నేల తయారైంది అలాగే.

సిక్కోలు ఎదుట ఆ రెండూ లేవు. ఖండం ఇక్కడ కాస్త నిటారుగా తెగింది. వంశధార, నాగావళి ఒక్కొక్కటి దాదాపు 250 కిలోమీటర్ల నదులే. వందల కిలోమీటర్ల సముద్రాన్ని పూడ్చగల శక్తి వాటికి లేదు. తెచ్చిన ఇసుకలో చాలా భాగాన్ని అలలు ఒడ్డు వెంబడే ఉత్తరానికి లాక్కుపోతాయి.

ఇక్కడ సహజంగా ఒక సందేహం వస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాల నుంచి అంత ఒండ్రు తెచ్చి ఇదే బంగాళాఖాతంలో పోస్తున్నాయి కదా, ఆ మట్టి ఏమైనట్టు? అందులో చాలా భాగం బంగ్లాదేశ్ ఎదుట ఉన్న పెద్ద జలాంతర లోయ గుండా నేరుగా లోతుల్లోకి జారిపోతుంది. అక్కడ అది సుమారు మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. బెంగాల్ ఫ్యాన్ అని పిలిచే ఈ ఒండ్రు మేట ప్రపంచంలోకెల్లా పెద్దది. ఆ మట్టి ఉత్తర బంగాళాఖాతంలో, హుగ్లీ ముఖం దగ్గర అంచును వెడల్పు చేసింది. సిక్కోలు ఎదుట వాలు కింద సముద్రగర్భాన్నీ నింపింది. వల వేసే అంచుకు మాత్రం దానివల్ల పెద్దగా కలిసొచ్చింది లేదు.

చేప లెక్క

సూర్యరశ్మి నీటిలో కొద్ది పదుల మీటర్ల వరకే బలంగా దిగుతుంది. చేపల ఆహారానికి మూలమైన సూక్ష్మ నాచు ఆ వెలుతురులోనే పెరుగుతుంది. దానికి కావలసిన ఎరువు, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్ వంటివి, చచ్చిన జీవాలతో పాటు అడుక్కి చేరుతుంటాయి. లోతు తక్కువైన చోట అలలు, ప్రవాహాలు ఆ ఎరువును మళ్లీ పైకి కలుపుతాయి. మూడు వేల మీటర్ల లోతున పడ్డది అంత తేలిగ్గా పైకి రాదు. రొయ్యల్లాంటి అడుగున తిరిగే జీవాలకైతే బతకడానికే అందుబాటు లోతులో నేల కావాలి. అడుగు వల లాగే మర బోటుకీ అంతే. అంచు ఎంత వెడల్పుంటే వేట మైదానం అంత పెద్దది.

దీనికి బంగాళాఖాతం సొంత ఇబ్బంది ఒకటి తోడైంది. పెద్ద నదుల మంచినీరు, భారీ వానలు కలిసి సముద్రం మీద తేలికైన నీటి పొరను పరుస్తాయి. అది మూతలా పనిచేసి, అడుగు నీరు పైకి రాకుండా అడ్డుకుంటుంది. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు పైనీటిని నెట్టేయడంతో అడుగు నీరు లేస్తుంది. శీతాకాలంలో గుజరాత్ ఎదుట చల్లని పొడి గాలికి పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. ఆ కలతలో కూడా ఎరువు పైకొస్తుంది. ఏడాదిలో రెండు సార్లు పంట వచ్చినట్టు.

ఉత్తరాంధ్ర ఎదుట అసలు అలా జరగదని కాదు. వేసవికి ముందు నెలల్లో ఒడ్డు వెంబడి ప్రవాహం ఉత్తరానికి సాగేటప్పుడు చల్లని అడుగు నీరు పైకి లేవడాన్ని 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో కలిసి నమోదు చేశారు. కాకపోతే అది కొద్ది వారాల వ్యవహారం, అదీ ఇరుకైన పట్టీలో.

వలసలోని తర్కం ఇక్కడ స్పష్టమవుతుంది. సిక్కోలు కూలీ వెళ్లేది వెడల్పాటి అంచు ఉన్న చోటికి. తూర్పు తీరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. విశాఖపట్నం నుంచి బయల్దేరే పెద్ద రొయ్యల ట్రాలర్లు ఎన్నో ఏళ్లపాటు సొంత తీరం వదిలి హుగ్లీ ముఖం దగ్గరి శాండ్‌హెడ్స్‌కు వెళ్లేవి. అక్కడా ఆకర్షణ వెడల్పాటి అంచే. కూలీ అయినా, బోటు యజమాని అయినా నడిచిన దిశ ఒక్కటే.

పాకిస్తాన్ బలగాలకు చిక్కడం వెనక కూడా ఇదే భూగోళం ఉంది. గుజరాత్ అంచు, పాకిస్తాన్‌తో సరిహద్దులో ఉన్న సర్ క్రీక్ అనే ఉప్పుటేరు దాటి సింధు ముఖం దాకా తెగకుండా సాగుతుంది. సర్ క్రీక్ వివాదం తేలకపోవడంతో రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఇంకా ఖరారు కాలేదు. చేపకు గీత తెలియదు. వల వెంట వెళ్లే బోటుకు నీటి మీద గీత కనిపించదు.

రేవు లేని తీరం

భూగోళం ఒక్కటే కారణమైతే కేరళ దక్షిణాన కూడా ఇంత వలస ఉండాలి. అక్కడ కూడా అంచు మరీ వెడల్పేమీ కాదు. సిక్కోలు కష్టం రెట్టింపు కావడానికి కారణం ఒడ్డు తీరు. ఇది తెరిచిన తీరం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి బోటుకు నీడనిచ్చే మలుపులు లేవు. నది ముఖాలు ఇసుక మేటలతో పూడుతుంటాయి.

ఫైబర్ బోటు వేట నుంచి తిరిగొచ్చే వేళ ఏ పల్లె ఒడ్డున నిలబడినా దీని అర్థం తెలుస్తుంది. బోటు కెరటాలు విరిగే వరుస బయట ఆగుతుంది. చుక్కాని దగ్గరున్నవాడు వరసగా వచ్చే పెద్ద అలలు పోయేదాకా చూసి, ఒక సందు దొరకగానే ఇంజిన్ పెంచుతాడు. ఇసుక తగలబోయే ముందు పంకా విరక్కుండా మోటారును పైకి ఎత్తేయాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే వెనక అల బోటును అడ్డం తిప్పేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు అందుకుని, పదిమంది భుజం పట్టి, లేదంటే ట్రాక్టర్ కట్టి పైకి లాగుతారు. ఇలా ఇసుక మీదికి లాగగలిగే బోటు సైజుకు ఒక పరిమితి ఉంది. రోజుల తరబడి సముద్రంలో ఉండి, ఐస్‌లో సరుకు నిల్వ చేసే మర బోటును ఇలా లాగలేరు. దానికి హార్బర్ కావాలి. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం హార్బర్ కోసం ఏళ్లుగా సాగుతున్న ఎదురుచూపు అందుకే.

వేట నిషేధ కాలం సంగతీ ఇక్కడే చెప్పాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మర బోట్లు, ఇంజిన్ పడవలు కదలవు. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025 ఏప్రిల్‌లో బుడగట్లపాలెంలోనే 20 వేల రూపాయలకు పెంచి పంపిణీ చేశారు. రెండు నెలలు కుటుంబం గడవడానికి అది అవసరమైన సాయం. మిగిలిన పది నెలల వేటను మార్చగలిగేది హార్బరే.

ఇరుకు అంచు చేసే మేలు

వెడల్పు తక్కువైతే అన్నీ నష్టాలే అనుకోవడం తప్పు. తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డుకు నెట్టినప్పుడు, లోతైన చోట ఆ నీరు అడుగు నుంచి వెనక్కి పోగలదు. తక్కువ లోతు నీరు వెడల్పుగా పరుచుకున్న చోట అలా పోయే దారి తక్కువ. నీరు పేరుకుని ఉప్పెనగా లేస్తుంది. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో భోలా తుఫాను మూడు నుంచి ఐదు లక్షల మందిని పొట్టన పెట్టుకున్నది ఇలాంటి ఉప్పెనతోనే. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో కూడా పారాదీప్ చుట్టుపక్కల ఎక్కువ ప్రాణాలు తీసింది నీరే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగిన ఉప్పెనకు, అంచుతో పాటు లోపలికి వంగిన తీరం, పల్లపు డెల్టా నేల కూడా తోడయ్యాయి.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. అక్కడ కొబ్బరి, జీడి తోటలను కూల్చింది ప్రధానంగా గాలి. వంశధార, మహేంద్రతనయ వరదలు మిగతా నష్టం చేశాయి. గాలి అంత తీవ్రంగా ఉన్నా, ఉత్తర బంగాళాఖాతంలో లేచే స్థాయి ఉప్పెన ఇక్కడ లేవలేదు. అందులో ఇరుకు అంచు పాత్ర ఉంది. దీన్ని పూర్తి రక్షణ అనుకుంటే ప్రమాదం. నౌపడ ఉప్పు కొటార్ల చుట్టూ, నది ముఖాల దగ్గర నేల చాలా పల్లం. మీటరు రెండు మీటర్ల నీరు కూడా అక్కడ చాలా లోపలికి వెళ్లగలదు.

ఆటుపోట్లకూ ఇదే సూత్రం. విశాఖ దగ్గర పోటుకు, పాటుకు మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర మీటర్లు. ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల వరకు పోతుంది. ఆ సింధుశాఖ ఒడ్డున ఉన్న అలంగ్‌లో పెద్ద ఓడలను పోటు మీద నేరుగా ఒడ్డెక్కించి విడగొట్టగలుగుతున్నది అందువల్లే.

ఇసుక నడక, కొత్త రేవు

వానాకాలం అలలు తగ్గాక కళింగపట్నం ఒడ్డున ఇసుకను చూస్తే నల్లటి, ఎర్రటి చారలు కనిపిస్తాయి. అరచేతిలోకి తీసుకుంటే నల్ల రేణువు మామూలు ఇసుకకన్నా బరువుగా తగులుతుంది. నల్లది ఇల్మనైట్, ఎర్రది గార్నెట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చిన రేణువులివి. అల తేలికైన తెల్ల ఇసుకను ఎత్తుకుపోతుంది, బరువైనది మిగిలిపోతుంది. థోరియం ఉండే మోనజైట్ అనే ఖనిజం కూడా ఈ తీరపు ఇసుకలో ఉండబట్టే అణు ఇంధన రంగం దృష్టి దీనిమీద పడింది.

ఈ ఇసుక స్థిరంగా ఉండదు. నైరుతి కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా తగిలి దాన్ని ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్క ఉత్తరం వైపే మొగ్గుతుంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి రాళ్ల గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. విశాఖలో పూడిక ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌కు తరలించాల్సి రావడానికి మూలం ఇదే.

సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు విషయంలో ఈ సూత్రాన్ని మరిచిపోకూడదు. ఇరుకు అంచు వల్ల ఒక లాభం ఉంది. లోతు నీరు దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి ఓడల కాలువ పశ్చిమ బెంగాల్‌లోని హల్దియా రేవు అంత పొడవుగా, ఎప్పటికీ తవ్వుతూ ఉండేలా అవసరం పడదు. రేవుకు ఉత్తరాన ఉన్న పల్లెల ఒడ్డు మాత్రం ఏటా కొలవాలి. కోత మొదలైతే ఇసుకను యంత్రాలతో అటువైపు దాటించే ఖర్చును రేవు లెక్కలో మొదటి రోజు నుంచే చేర్చాలి. ఇళ్లు పడిపోయాక చేర్చితే ప్రయోజనం లేదు.

గీతలు నాలుగు, అయోమయం అందుకే

వార్తల్లో తీరం నుంచి దూరాలు రకరకాలుగా వస్తాయి. రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటకు కేటాయింపు, పెద్ద మర బోట్లు ఆ లోపలికి రాకూడదు. 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు దేశ ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్లు, సుమారు 370 కిలోమీటర్ల వరకు ప్రత్యేక ఆర్థిక జలాలు (ఈఈజెడ్), అందులో చేప, చమురు మీద హక్కు భారత్‌దే. నాలుగోది చట్టం చెప్పే ఖండతీరపు అంచు. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం సముద్రగర్భంలో ఒండ్రు మందంగా ఉంటే, ఆ నేల మీది హక్కును 200 మైళ్లు దాటించి కూడా అడగవచ్చు. భారత్ 2009లో అలా దరఖాస్తు చేసింది.

కాబట్టి సిక్కోలు ఎదుట భూగర్భ శాస్త్రం చూపే అంచు 40 కిలోమీటర్లే అయినా, చట్టం చెప్పే అంచు దానికి ఎన్నో రెట్లు. బెంగాల్ ఫ్యాన్ ఒండ్రు ఈ వాదనకు బలం. ఇది ఖనిజాలకు, అడుగు నేలకు సంబంధించిన హక్కు. ఫైబర్ బోటు మీద వెళ్లేవాడి వలకు దీంతో పెద్దగా సంబంధం లేదు.

లోతు దగ్గరగా ఉండటం

ఇరుకు అంచుకు ఇంకో పక్క ఉంది. లోతు సముద్రపు చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారులు చిన్న బోట్ల మీదే గాలాలతో సూర, పసుపు రెక్కల ట్యూనా పట్టడంలో పేరు తెచ్చుకున్నారు. గుజరాత్‌లో ట్యూనా దొరికే లోతు చేరాలంటే ముందు వెడల్పాటి అంచు దాటాలి. ఇక్కడ ఆ లోతు ఒక్క రాత్రి ప్రయాణంలో వస్తుంది. పూడిమడకలో సాధ్యమైనది బారువలో, భావనపాడులో, కోనాడలో కూడా సాధ్యమే. పెద్ద గాలాలు, వాటిని వాడే శిక్షణ, పట్టిన గంటల్లో చేపను ఐస్‌లో పెట్టే ఏర్పాటు, ఆ చేప విలువ తెలిసి ధర పెట్టే కొనుగోలుదారు దీనికి కావాలి. ట్యూనా ఎండలో రెండు గంటలుంటే ఎగుమతి సరుకు ఎండు చేపల ధరకు పడిపోతుంది. ప్రస్తుతం ఈ తీరంలోని చాలా పల్లెలకు ఐస్ వచ్చేది దూరం నుంచే, అదీ లారీ మీద.